పుసుగు చిగురు వేసిన నాలుగో నాడు

ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగుతుంది. సీతంపేట కొండల్లోని ఓ సవర గూడెం నుంచి. "మొగ్గ ఇచ్చుకుంది బాబూ. బుదారం నాటికి ఎర్రగా దిగిపోద్ది. ఒచ్చీయండి," అంటుంది అవతలి గొంతు. శ్రీకాకుళంలో తన స్టూడియో బల్ల ముందు కూర్చున్న మాస్టారు "అలాగే అప్పా" అని ఫోను పెట్టేస్తారు. గోడ మీది క్యాలెండర్లో ఆదివారం గడిలో చిన్నగా "మొ" అని రాసుకుంటారు. మొగ్గ విచ్చిన రోజన్నమాట. బుధవారం గడికి సున్నా చుడతారు. ఆ రోజుకి ఒప్పుకున్న నిశ్చితార్థం పని శిష్యుడికి అప్పజెబుతారు.

ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లూ ఓణీల వేడుకలూ తీసి బతుకుతున్న ఫొటోగ్రాఫర్ ఆయన. ఏటా శిశిరంలో మాత్రం తన కోసం ఒక్క ఫొటో తీసుకుంటారు. కొండ మీద ఆకు రంగు మారే వేళ, 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పున్న ఒక్క ప్రింటు. అది మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారవుతుందో చూద్దామని ఈసారి వెంట వెళ్తున్నాను. పేరు రాస్తానంటే ఒప్పుకోలేదు. "నా పేరెందుకు బాబూ, సెట్టు పేరు రాయండి," అన్నారు. చెట్టు పేరు పుసుగు. కొన్నిచోట్ల రోటంగ అంటారు, ఇంకొన్నిచోట్ల కోసంగి. కొండ దాటి ఒడిశాలో అడుగుపెడితే కుసుమ. గింజల నుంచి నూనె తీస్తారు, పుల్లటి పండు తింటారు. లక్క పురుగును పెంచే చెట్లలో దీనిదే పెద్దపీట. కుసుమి లక్క అనే మేలురకానికి ఆ పేరు వచ్చింది ఈ చెట్టు నుంచే.

ముడిసరుకులో మొదటిది తేదీ. ఆకులు రంగు మారడమంటే అక్టోబరు, నవంబరు నెలలని చాలామంది లెక్క. అది అమెరికాలోని వెర్మాంట్ కొండలకూ, జపాన్‌కూ, మన కశ్మీర్ చినార్లకూ చెల్లుతుంది. అక్కడ పగలు కురచై చలి ముదిరితే, ఆకులో పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విరిగిపోతుంది. దాని కింద దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్లు రాలబోయే ఆకులో ఎరుపును కొత్తగా తయారుచేస్తాయి. తూర్పు కనుమల్లో ఆకు రాల్పించేది నేల ఎండిపోవడం. వానలు వెనక్కి తగ్గాక మట్టిలో తడి నెలనెలా ఇంకిపోతుంది. నీటి ఖర్చు తగ్గించుకోవడానికి చెట్టు ఆకును వదిలేస్తుంది. మాఘ, ఫాల్గుణాలు మనకు శిశిరం. పెద్దలు ఆకురాలు కాలమన్నది ఈ రెండు నెలలనే.

ఇక్కడి కొండలకు ఇంకో గుణం ఉంది. రాలే ఆకు ఎక్కువగా పసుపు, గోధుమ, తుప్పు రంగుల్లో పోతుంది. నిఖార్సైన ఎరుపు పుట్టే ఆకులో వస్తుంది. పుసుగు, ఇప్ప, మామిడి, రావి వాన చుక్క పడకముందే, నడి ఎండల్లో చిగురు తొడుగుతాయి. ఆ లేతాకులో పత్రహరితం ఇంకా నిండి ఉండదు. ఎండకు మాడిపోకుండా ఆంథోసయనిన్ అనే ఎర్రటి రంగు పదార్థం దానికి గొడుగు పడుతుంది. లేతాకు తినే పురుగుల్ని కూడా ఆ ఎరుపు దూరం పెడుతుందని శాస్త్రజ్ఞుల్లో కొందరి ఆలోచన. వారం పది రోజుల్లో పచ్చదనం నిండి, ఎరుపు అణిగిపోతుంది. మాస్టారికి దొరికే గడువు అంతే. ఆయన పుస్తకంలో చాలా ఏళ్ల తేదీలు కాముని పున్నమికీ ఉగాదికీ మధ్య పక్షంలోనే ఉన్నాయి. ఆ పక్షంలో ఏ రోజన్నది పంచాంగం చెప్పదు. చెట్టు కింద మసిలే మనిషి చెప్పాలి.

అందుకే పని జనవరి చివర్లోనే మొదలవుతుంది. దీన్ని ఆయన "సూసి రావడం" అంటారు. కెమెరా లేకుండా, ఓ పుస్తకం, పెన్సిలు, దిక్సూచితో వెళ్లి తిరిగే రోజు. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస మీదుగా పాలకొండ, అక్కడి నుంచి సీతంపేట కొండదారి. ఈ మండలం 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లాది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాది. మొదటిసారి వెళ్లినప్పుడు టేకు ఆకులు తుప్పు పట్టిన రేకుల్లా వేలాడుతున్నాయి, గుమ్మడి టేకు పసుపు తిరిగింది. ఫిబ్రవరి మూడో వారంలో రెండోసారి. మోదుగ, బూరుగ ఒక్క ఆకు లేకుండా పూశాయి, కొండగోగు పసుపు పూలు రాళ్ల మధ్య మెరిశాయి. మార్చి మొదటి వారంలో మూడోసారి. నల్లమద్ది ఆకు చాలావరకు రాలిపోయింది, పుసుగు కొమ్మల చివర మొగ్గలు పెసరగింజంత లావయ్యాయి. మూడుసార్లూ ఆయన రాసుకున్నది రంగులే, ఒక్కో చెట్టు పక్కన ఒక్కో మాట.

చెట్టు ఎంపిక ఆ మూడు తిరుగుళ్లలోనే జరుగుతుంది. పుసుగులు కొండ నిండా ఉంటాయి గానీ ఫొటోకు పనికొచ్చేది ఒకటే. ఎర్రటి చిగురు వెనక ముదురు రంగు ఉండాలి, పక్కన తెల్లటిది ఏదైనా ఉంటే ఎరుపు ఇంకా తేలుతుంది. ఫోను చేసిన అప్ప జీడితోట అంచున నిలబడితే రెండూ దొరుకుతాయి. అటవీ హక్కుల చట్టం 2006 కింద ఆవిడకు పట్టా వచ్చిన తోట అది. తోటకు తూర్పున సన్నటి గెడ్డ (వాగు), గెడ్డకు అవతలి వాలులో పుసుగు. దాని వెనక నాలుగు జీలుగు చెట్లు, ఎప్పుడూ నల్లపచ్చగా ఉండేవి. ఎడమపక్క ఆకు రాల్చుకున్న తపసి చెట్టు. దీని జిగురే గిరిజన సహకార సంస్థ కొనే తపసి బంక. కాండం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటుంది. మాస్టారు అడుగులు వేసి, లెక్క కట్టి, కెమెరా నిలబడే చోట మూడు రాళ్లు పెడతారు. అక్కడి నుంచి చెట్టు 40 మీటర్లు.

సూర్యుడి లెక్క కూడా ముందే చూసుకోవాలి. మార్చి నడిమికి పొద్దు దాదాపు సరిగ్గా తూర్పున, 6 గంటల ప్రాంతంలో పొడుస్తుంది. అయితే పుసుగు వెనక గట్టు ఉంది. దాన్ని దాటి వెలుగు చెట్టు తలకు తగిలేసరికి 6:40 అవుతుంది. అంటే 5:50 నుంచి 6:40 దాకా యాభై నిమిషాలు చెట్టు మీద ఎండ లేని, ఆకాశం నుంచి పరుచుకునే మెత్తటి వెలుగు. ఆ తరవాత చెట్టు వెనక నుంచి సూటిగా వచ్చే ఎండ. రెండూ రెండు రకాల ఫొటోలు. రెండింటికీ వేరువేరు పద్ధతులు. ఆయన పుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండుగా గీసి ఈ వేళలు రాసుకుంటారు.

మంగళవారం రాత్రి సంచి సర్దడం. 24 మెగాపిక్సెళ్ల కెమెరా, సెకండ్‌హ్యాండ్‌లో 70,000 రూపాయలకు కొన్నది. 70 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా సాగే లెన్సు, దగ్గరి ఆకు కోసం 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు. మూడు కాళ్ల ట్రైపాడ్, 9,000. పోలరైజర్, 2,500. లెన్సు ముందు బిగించి తిప్పే ఈ గాజు బిళ్ల, మెరిసే పైపొర నుంచి ఎగిరొచ్చే వెలుగును అడ్డుకుంటుంది. బూడిదరంగు అట్ట ముక్క ఒకటి, రంగు కొలతకు. రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, తలకు కట్టుకునే లైటు, తువ్వాలు. నూనె గుడ్డతో ట్రైపాడ్ కాళ్లు తుడిచి, మరలు ఒక్కొక్కటీ బిగించి చూస్తారు. "కొండ మీదికెల్లాక మర ఒదులైందంటే ఆ ఏడు అయిపోయినట్టే."

బుధవారం తెల్లవారుజాము 3:15కి బండి కదులుతుంది. రానూ పోనూ కొండ తిరుగుళ్లతో కలిపి 130 కిలోమీటర్లు. లీటరుకు 50 చొప్పున 2.6 లీటర్ల పెట్రోలు, 286 రూపాయలు. పాలకొండ దాటాక గాలి మారుతుంది. జీడిపూత వాసన, ఎక్కడో కాలిన గడ్డి వాసన. ముందు రోజు సాయంత్రమే మాస్టారు అటవీ బీట్ ఆఫీసరుకు ఫోను చేసి, గజరాజుల జాడ కనుక్కున్నారు. ఒడిశాలోని లఖేరి అడవుల నుంచి దిగిన ఏనుగులు ఏళ్ల తరబడి ఈ జిల్లాల కొండవాలుల్లో తిరుగుతున్నాయి. అవి ఆ చుట్టుపక్కల ఉన్నాయంటే ప్రయాణం ఆగిపోతుంది. లేవని తేలాకే బయల్దేరాం. మార్చి అడవిలో రాలిన ఆకు పేలప్పిండిలా ఎండి ఉంటుంది. కాబట్టి అగ్గిపెట్టె సంచిలో ఉండకూడదన్నది ఆయన నియమం. టీ కూడా ఫ్లాస్కులోనే.

4:55కి తోట చేరతాం. అప్ప గుడిసె ముందు నిలబడి ఉంది. "నిన్న సాయంత్రం గాలి లేదు. ఇయ్యాల పొద్దున్న కూడా ఉండదు," అంటుంది. ఆ ఒక్క కబురు మాస్టారికి వంద రూపాయల థర్మామీటరు కన్నా విలువైనది. ఆ థర్మామీటరు 20 డిగ్రీలు చూపిస్తోంది. మధ్యాహ్నానికి ఇదే చోట 35 దాటుతుంది. లైటు వెలుగులో మూడు రాళ్లు వెతికి ట్రైపాడ్ దింపుతారు. ఒక కాలు వాలుకు ఎదురుగా, రెండు కాళ్లు తన వైపు. మధ్య కడ్డీ పైకి లేపరు, లేపితే ఊగుతుంది. సంచిలో రెండు రాళ్లు వేసి ట్రైపాడ్ నడుముకు వేలాడదీస్తారు. బరువుకు అది నేలలో పాతుకుంటుంది.

5:50కి చెట్టు ఆకారం తేలుతుంది, 6 గంటలకు రంగు. నాకు ఒక్కటే ఎరుపు కనిపిస్తుంది. మాస్టారు కెమెరా ముట్టుకోరు. పుస్తకం తీసి ఐదు నిమిషాలు చెట్టు వైపే చూసి, తర్వాత రాస్తారు. పై కొమ్మలు: రెండో రోజు గోరింటాకు. నడిమి కొమ్మలు: తోమిన రాగి చెంబు. కింది కొమ్మలు, ముందుగా చిగురించినవి: మామిడి చిగురు, అంచున లేత చింతచిగురు పచ్చ. ఎండిన కొమ్మల నీడ: ఇటుక పొడి. కన్ను రంగును గంట సేపు కూడా దాచుకోలేదనీ, మాటకు కట్టేస్తే నెల తర్వాత కూడా దొరుకుతుందనీ ఆయన అనుభవం. తర్వాత కంప్యూటర్ ముందు ఆయనకు సాక్ష్యం ఈ నాలుగు వాక్యాలే. రాయడం అయ్యాక బూడిద అట్టను చెట్టు వైపు వెలుగు పడేలా పట్టుకోమని నాకిచ్చి, దాన్ని ఒక ఫొటో తీస్తారు. ఆ వేళ వెలుగులో ఎంత నీలం కలిసి ఉందో తర్వాత చెప్పేది ఆ అట్టే.

6:08. లెన్సు 135 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఎపర్చర్, అంటే లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్ 11. ఈ లెక్కన 40 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే 23 మీటర్ల నుంచి దాదాపు 150 మీటర్ల దాకా నిక్కచ్చిగా వస్తుంది, దూరపు గట్టు కొంచెం మెత్తబడుతుంది. ఆయనకు కావలసింది అదే. ఫోకస్ కెమెరాకు వదలరు. వెనక తెర మీద బొమ్మను పది రెట్లు పెద్దది చేసి, చెట్టు ముందు వైపు కొమ్మ మీద ఒక ఆకుగుత్తి ఎంచుకుని, ఈనె కనిపించే దాకా లెన్సు ఉంగరాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతారు. కుదిరాక ఉంగరం మీద టేపు ముక్క అంటిస్తారు, పొరపాటున చెయ్యి తగిలినా కదలకుండా.

ఇప్పుడు పోలరైజర్. లేత పుసుగాకు మీద నూనె రాసినట్టు ఓ మెరుపు ఉంటుంది. ఆ మెరుపులో ఆకాశం ప్రతిఫలించి ఎరుపు మీద నీలిబూడిద పొర పరుస్తుంది. మాస్టారు గాజును నెమ్మదిగా తిప్పుతుంటే తెర మీద నేనూ చూస్తున్నాను. పావు చుట్టు తిరిగేసరికి బూడిద పొర లేచిపోయి, కడిగినట్టు అసలు రంగు బయటపడుతుంది. ఆయన అక్కడ ఆగరు, వేలెడంత వెనక్కి తిప్పుతారు. మెరుపు మొత్తం పోతే ఆకు అట్టముక్కలా ఉంటుంది. లేతదనం తెలియాలంటే కొంచెం మిగలాలి. ఈ గాజు వల్ల దాదాపు ఒకటిన్నర స్టాపు వెలుగు పోతుంది. స్టాపు అంటే వెలుగు సగానికి పడే మెట్టు. అందుకే ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే చురుకును, 400కి పెంచుతారు. షట్టర్ సెకనులో 8వ వంతు.

సెకనులో 8వ వంతు అంటే చేతి ఫొటోకు చాలా ఎక్కువ, ఆకుకైతే ఇంకా ఎక్కువ. చిగురు గట్టిపడక, తొడిమ నుంచి నీరసంగా వేలాడుతూ ఉంటుంది. చిన్న ఊపిరికి కూడా కదిలిపోతుంది. ఇక్కడే ఆయన పనితనం చూడాలి. కేబుల్ బటన్ చేతిలో పట్టుకుని తెర వంక చూడరు, చెట్టు వంక కూడా చూడరు. గెడ్డ ఒడ్డున ఉన్న రెల్లు దుబ్బునే చూస్తారు. గాలి లోయలోంచి వస్తుంది కాబట్టి ముందు రెల్లుకు తగిలి, మూడు నాలుగు సెకన్లకు చెట్టుకు చేరుతుంది. రెల్లు ఆగగానే మనసులో నాలుగు లెక్కపెట్టి బటన్ నొక్కుతారు. ఒక్కోసారి వరసగా ఆరు, ఒక్కోసారి ఏడు నిమిషాల దాకా ఒక్కటీ లేదు. 6:38కి లెక్క చూస్తే 94 ఫొటోలు.

ప్రతి పదింటికీ ఒకసారి హిస్టోగ్రామ్ చూస్తారు. వెలుగు ఎక్కడ ఎంత పడిందో చూపే గ్రాఫు అది. మామూలుగా తెల్లటి గ్రాఫు ఒక్కటి చూసి సరిపెట్టుకుంటారు చాలామంది. ఎర్రటి వస్తువు తీసేటప్పుడు అది మోసం చేస్తుంది. మొత్తం మీద వెలుగు సరిగ్గానే ఉన్నట్టు చూపిస్తూ, ఎరుపు గ్రాఫు ఒక్కటే కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. అలా గుద్దుకున్న చోట ఈనెలు, నీడలు చెరిగిపోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. "పెళ్లికూతురు పట్టుచీరతో నేర్చుకున్నాను ఇది," అంటారు. ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా చూసి, ఎరుపు గోడకు వేలెడు దూరంలో ఆగేలా వెలుగును మూడింట రెండు వంతుల స్టాపు తగ్గిస్తారు.

6:40. గట్టు మీద నుంచి ఎండ చెట్టు తలను తాకుతుంది. నేను "అబ్బ" అనేస్తాను. లేత ఆకు పలుచన. వెనక నుంచి వెలుగు దూరితే, దీపానికి అడ్డం పెట్టిన అరచేతి అంచులా వెలుగుతుంది. వెనక గట్టూ జీలుగులూ ఇంకా నీడలో నల్లగా ఉన్నాయి. మాస్టారు చేతులు మాత్రం అదే నిదానంతో కదులుతాయి. పోలరైజర్ విప్పుతారు, ఎదురు వెలుగులో దానితో పని లేదు. ఐఎస్ఓ 200, షట్టర్ సెకనులో 125వ వంతు. నన్ను ఎడమపక్క నిలబెట్టి, తువ్వాలును లెన్సు పైన గొడుగులా పట్టుకోమంటారు. నేరుగా గాజుకు ఎండ తగిలితే ఫొటో అంతా పాలిపోతుంది. ఎండ చెట్టు తల నుంచి నడుముకు దిగడానికి 11 నిమిషాలు. ఆ లోపల 36 ఫొటోలు. వెలుగు వెనక గట్టు వాలుకు కూడా పాకగానే ఆపేస్తారు.

చివరగా దగ్గరి ఆకు. గెడ్డ దాటి, చేతికందే కొమ్మ ముందు ట్రైపాడ్ వంచి, మాక్రో లెన్సుతో 12 ఫొటోలు. కొమ్మను వంచరు, ఆకు తెంపరు, నీళ్లు చల్లరు. ఉన్నది ఉన్నట్టు తియ్యడానికి అనువైన చోటు వెతుక్కుంటూ నేల మీద మోచేతులానించి కూర్చుంటారు. 8:15కి గాలి లేస్తుంది. రెల్లు ఇక ఆగదు. సంచి కట్టేసి అప్ప ఇంటి ముందు కూర్చుంటే చోడి అంబలి, ఉల్లిపాయ ఇస్తుంది. మాస్టారు ఎప్పటిలాగే 500 రూపాయలు చేతిలో పెడతారు, వచ్చిన ప్రతిసారీ ఇచ్చే లెక్క. తోట ఆవిడది, చెట్టును కనిపెట్టి ఉండే కళ్లూ ఆవిడవే.

స్టూడియోకు చేరగానే మొదటి పని కార్డు కాపీ. మొత్తం 142 ఫొటోలు, ఒక్కో ఫైలు 45 ఎంబీ, దాదాపు ఆరున్నర జీబీ. ఇవి రా ఫైళ్లు. కెమెరా తన సొంత వంట చెయ్యకుండా, సెన్సార్‌కు అందిన వెలుగును పచ్చిగా దాచిన ఫైళ్లు. రెండు వేరువేరు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి చూసి, అప్పుడు గానీ కార్డు చెరపరు. తర్వాత మూడు రోజులు ఆ ఫొటోలను ముట్టుకోరు. కొండ మీది సంబరం కళ్లల్లో ఉండగా ఏరితే అన్నీ బాగున్నట్టే ఉంటాయని ఆయన నమ్మకం.

ఆదివారం ఉదయం ఏరివేత. మొదటి వడపోతలో ఆకు కదిలినవన్నీ పోతాయి. తెర మీద నిండు సైజులో నాలుగు మూలలూ చూస్తారు. 142లో 31 మిగులుతాయి. రెండో వడపోతలో తపసి కాండం అంచుకు కోసుకుపోయినవి, జీలుగు మట్ట పుసుగు కొమ్మను దాటినవి పోతాయి. మిగిలేవి ఐదు. అందులో రెండు ఎదురెండలో తీసినవి, చూడగానే కన్ను అక్కడికే పోతుంది. నేను వాటినే తీసుకుంటారనుకుంటాను. మాస్టారు పుస్తకం తెరిచి తెర పక్కన పెడతారు. "ఇందులో ఎండ ఉంది బాబూ, సిగురు లేదు. మంట పెట్టినా ఇలాగే ఉంటాది." ఆయన ఎంచుకునేది 6:21కి, ఎండ రాకముందు తీసినది. అందులో గోరింటాకు, రాగి, మామిడి, చింతచిగురు నాలుగూ వేరువేరుగా కనిపిస్తున్నాయి.

రంగు దిద్దడం రెండు గంటల పని. గది కిటికీకి నల్లగుడ్డ కట్టి, తెర వెలుగు తగ్గించి, తెల్లచొక్కా మార్చుకుని బూడిదరంగు చొక్కా వేసుకుంటారు. తెల్లబట్ట వెలుగు తెర మీద పడుతుంది. ముందుగా బూడిద అట్ట ఫొటో తెరిచి దాని మీద నొక్కితే, నీడవెలుగులోని నీలం తీసేయడానికి 7,200 కెల్విన్ దగ్గర ఆగాలని తేలుతుంది. వెలుగు రంగును కొలిచే లెక్క కెల్విన్. పూర్తిగా తీసేస్తే తెల్లవారుజాము పోయి మిట్టమధ్యాహ్నంలా ఉంటుంది. అందుకని 6,800 దగ్గర ఆపుతారు. తర్వాత, నేను ఎదురుచూడని పని చేస్తారు. ఎరుపును పెంచాల్సింది పోయి 8 పాయింట్లు తగ్గిస్తారు. సెన్సార్‌కు లేత చిగురులోని రాగి కూడా కుంకుమలా కనిపిస్తుంది. ఎరుపు తగ్గిన కొద్దీ నడిమి కొమ్మల్లో రాగి పైకి తేలుతుంది. పుస్తకంలోని ఒక్కో మాట చదువుకుంటూ, ఒక్కో కొమ్మ దగ్గర ఆగి, సరిపోయిందనుకున్నాక మాట పక్కన టిక్కు పెడతారు. నాలుగు టిక్కులు పడ్డాక చుట్టూ అంచులు పదోవంతు కోస్తారు. 6,000 పిక్సెళ్ల వెడల్పు 5,400 అవుతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన సరిగ్గా 18 అంగుళాలు.

తెర వెలుగుతో చూపిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగుతో చూపిస్తుంది. ఈ తేడాకు పరిష్కారం పరీక్ష ముక్క. విశాఖపట్నంలో ప్రింటు చేయించే చోటికి ఫైలుతోపాటు 4 అంగుళాల పట్టీ ఒకటి ముందు తీయమని అడుగుతారు, 180 రూపాయలు. కాగితం నూలుతో చేసినది, మెరుపు లేనిది, చదరపు మీటరు 300 గ్రాముల బరువు. "మెరుపు ఆకు మీదే తగ్గించాం కదా, మళ్లీ కాగితం మీద ఎందుకు?" మెరుపు లేని కాగితం ముదురు రంగుల్ని కొంచెం మింగేస్తుంది. పట్టీని 5,000 కెల్విన్ దీపం కింద పెట్టి చూస్తే గోరింటాకు ఇటుకలోకి జారినట్టు కనిపిస్తుంది. నీడల్ని అర మెట్టు పైకి లేపి, ఎరుపులో రవ్వంత పసుపు తగ్గించి, అసలు ప్రింటుకు పంపిస్తారు.

ప్రింటు యంత్రంలోంచి బయటకు రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. రంగుపొడి కలిసిన సిరా, పైనుంచి కిందికి వరసలు వరసలుగా దిగుతుంది. ముందు నల్లటి గట్టు, తర్వాత జీలుగు తలలు, ఆ తర్వాత ఎరుపు. వెంటనే అద్దం వేయరు. 24 గంటలు పలుచటి కాగితం కింద ఆరనిస్తారు. తడి ఆవిరి అద్దంలో చిక్కితే లోపల మసక పడుతుంది. ప్రింటుకు 1,300. తెల్ల అట్ట అంచు, టేకు చట్రం, అద్దం కలిపి 1,450. నాలుగు ప్రయాణాల పెట్రోలు 1,144, అప్పకు నాలుగుసార్లు ఇచ్చిన 2,000, పరీక్ష పట్టీ 180. మొత్తం 6,074 రూపాయలు. మూడు నెలల్లో పోగైన రోజులకు ఆయన లెక్క కట్టలేదు. నేను పక్కనుండి చూసినంతవరకే అవి ఏడు.

ఏప్రిల్ రెండో వారంలో అదే ఫొటో చిన్న సైజులో, 8 అంగుళాల ప్రింటు ఒకటి పట్టుకుని కొండెక్కుతాం. గెడ్డలో నీరు పాదం మునిగేంత. జీడిపిక్కలు ఏరుతున్న అప్ప కొంగుకు చేతులు తుడుచుకుని ఫొటో అందుకుంటుంది. గెడ్డ అవతల అదే పుసుగు ఇప్పుడు నిండు పచ్చగా, కింద చిక్కటి నీడతో నిలబడి ఉంది. ఆవిడ చెట్టు వైపు చూడదు. ఫొటోను దగ్గరగా పట్టుకుని, కింది కొమ్మల మీద వేలు పెట్టి, ఆకు అంచు వెంట జరుపుతుంది.

"ఇది సిగురేసిన నాలుగో నాడు బాబూ," అంటుంది. "ఐదో నాడైతే ఈ అంచు ఇంకా పచ్చబడిపోను."

మాస్టారు సంచిలోంచి పుస్తకం తీసి, "మొ" అని రాసుకున్న ఆదివారం నుంచి వేళ్ల మీద లెక్కపెడతారు. ఆది, సోమ, మంగళ, బుధ. పేజీ అడుగున ఖాళీ చోట ఆ మాట కూడా రాసుకుంటారు: కింది కొమ్మ, అంచు పచ్చ, నాలుగో నాడు.